గడకర్ర

తెల్లవారుజామున నాలుగున్నరకి హగోప్ ఫోను.
హలో అనడు. "పదకొండు పెంచు" అంటాడు.
పదకొండు సెంట్లు.
స్టోరు వెనక నుంచి గడకర్ర తీస్తాను,
దాని కొసన రబ్బరు గిన్నె,
ఉమ్మితో తడిపితే గానీ అంకెని పట్టుకోదు.

మొజావీ ఎడారిలో మా బంకు.
ఇటు కాలిఫోర్నియా, నది దాటితే ఆరిజోనా.
వంతెన మీద నడక ఆరు నిమిషాలు,
గ్యాలనుకి తేడా డాలరు ముప్పై.
ఎండ అదే. ఇసుక అదే. తేళ్లు కూడా అవే,
ఏ రాష్ట్రం తేలో వాటికే తెలీదు.
పన్ను వేరు. పెట్రోలు వండే తీరు వేరు.
ఎండలకి ఆవిరైపోని వేసవి సరుకు
మాకు అందరికంటే ముందే దిగుతుంది,
దాంతోపాటే ఫోనూ మోగుతుంది.

"దొంగలు!" అంటారు కారు దిగకముందే.
ఎవర్నంటున్నారో నేనడగను.
తిలాపాపం తలా పిడికెడు.
సముద్రం అడుగున తవ్వినవాడిదో పిడికెడు,
శుద్ధి చేసేవాడిదో పిడికెడు,
వాడి కర్మాగారంలో మొన్న మంట లేచి
మూతపడిన ఆ ఒక్క గొట్టానిది ఇంకో గుప్పెడు,
సర్కారు వారిది దోసిలి,
మూడొందల మైళ్లు మోసుకొచ్చిన టాంకరుది,
కార్డు గీకిన ప్రతిసారీ కొరికే బ్యాంకుది.
గిన్నె అడుగున అంటుకున్నది హగోప్‌ది.
దాంతో ఫ్రిజ్‌ల కరెంటు బిల్లు తీరదు.
అతన్ని బతికిస్తున్నది కాఫీ, ఐసు సంచులు.

ఎక్కేటప్పుడు ధరకి ఉడుత కాళ్లు,
దిగేటప్పుడు తాబేలువి.
ఓ రోజు ఆ మాటే అన్నాను.
"కింద ట్యాంకులో ఉన్నది పాత ధరకి కొన్నది, లొరేనా,
నష్టానికి ఎలా పోయను?"
"మరి పెంచేటప్పుడు?"
ఐసు సంచులు లెక్కపెట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

ధర మొదటిసారి ఆరు దాటిన ఏడు
పెట్టెలో ఆర్లు చాల్లేదు.
ఒక తొమ్మిదిని తలకిందులు చేసి ఆరన్నాం.
ఎవరూ గుర్తుపట్టలేదు.
చివరనుండే చిన్న తొమ్మిదిని మాత్రం
పదహారేళ్లలో ఒక్కసారీ ముట్టుకోలేదు.
సెంటులో పదింట తొమ్మిదో వంతు,
దాన్ని రంగుతోనే వేసేశారు.
రాజులు మారినా కదలని బంట్రోతు.

ఈ రోజు నాలుగు తొంభై ఎనిమిది
ఐదు సున్నా తొమ్మిది కావాలి.
ముందు బోర్డు, తర్వాత పంపు, అదీ పద్ధతి.
గడ ఎత్తి నాలుగు మీద ఆనించానో లేదో
బాదం తోటల నుంచి తిరిగొస్తున్న ట్రక్కు,
వెనక ట్రెయిలరు మీద వల కప్పిన తేనెపెట్టెలు.
దిగినతని చొక్కా మీద లేలండ్ అని కుట్టు,
కళ్లు నిద్రలేక మిరపపళ్లు.
"అది పీకకు. ఇంకాసేపు. నేను పోయించుకునేదాకా."

నేనేం మాట్లాడలేదు.
గడ దించలేదు, లాగలేదు.
ఇరవయ్యారు గ్యాలన్లు.
చలిగాలికి గడ ఊగుతోంది, భుజం మండుతోంది.
పెట్టెల్లో చీకటి గుయ్‌మంటోంది.
అతనికి మిగిలింది రెండు డాలర్ల ఎనభై ఆరు సెంట్లు,
మా దగ్గర పెద్ద కాఫీకి కూడా పది సెంట్లు తక్కువ.
కాఫీ కొనలేదు. థాంక్స్ అనలేదు.
వల దాటిన ఒక తేనెటీగని మాకొదిలేసి పోయాడు.
ఐదు పెట్టేటప్పుడు అది
బోర్డు దీపం మీద పాకుతూనే ఉంది.

ఏడింటికి డ్యూటీ దిగాను.
నా కారు ముల్లు ఎర్రగీత మీద.
మా పంపు ముందు నుంచే పోనిచ్చి
వంతెనెక్కాను, సిగ్గేం పడలేదు.
అటు ఒడ్డున బంకు బోర్డు కింద
ఎవరో కుర్రాడు,
ఇంకా మీసం రాలేదు,
గడకర్ర ఎత్తుతున్నాడు.
హారన్ మీద చెయ్యి వేశాను.